చక్రాల మీద భద్రాద్రి

రాములవారిని చూడాలంటే భక్తి ఉంటే చాలంటారు. మోకాళ్లు కూడా ఉండాలి. అవి సహకరించని వాళ్ల సంగతేమిటి?

భద్రాచలం ప్రయాణం అనగానే ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. ఏ రైలుకు వెళ్దాం, ఎన్ని గదులు తీసుకుందాం, దర్శనం పొద్దున్నా సాయంత్రమా, పర్ణశాలకు ఆటోనా కారా, వీలైతే పాపికొండలు కూడా చూసి రావచ్చా... ఇలా సాగుతాయి. అదే ఇంట్లో చక్రాల కుర్చీ మీద తిరిగే మనిషి ఒకరున్నారనుకోండి. లెక్క మొత్తం మారిపోతుంది. స్టేషన్లో ఈ ప్లాట్‌ఫాం నుంచి ఆ ప్లాట్‌ఫాంకు ఎలా? లాడ్జి గుమ్మం ముందు మెట్లెన్ని? బాత్రూం తలుపు వెడల్పెంత? గుడి దగ్గరి మాటేమిటి? తర్జనభర్జనలు అయ్యాక చాలా ఇళ్లలో తేలేది ఒకటే. 'నువ్వు ఇంట్లోనే ఉండు, ప్రసాదం తెస్తాం.'

ప్రసాదం వస్తుంది. అది కళ్లకద్దుకుని, 'ఈసారి జనం బాగా ఉన్నారా?' అని అడుగుతారు ఆ ఇంటి పెద్దాయనో పెద్దావిడో. అంతకుమించి ఏమీ అడగరు. అడిగితే మనం నొచ్చుకుంటామేమోనని వాళ్ల జంకు. కానీ ఊరు చూడాలన్న కోరిక కాళ్లలో ఉండదు కదా! కాళ్లు ఆగిపోయినంత మాత్రాన అది ఆగదు. అందుకే ఈ వారం భద్రాచలాన్ని గోపురం మీంచి కాకుండా నేల మీంచి, అదీ చక్రం ఎత్తు నుంచి చూద్దాం.

ఊరొకటి, స్టేషనొకటి

రైల్లో వెళ్లేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి... 'భద్రాచలం రోడ్' అని బోర్డున్న స్టేషన్ భద్రాచలంలో లేదు. అది కొత్తగూడెం స్టేషన్. అక్కణ్నుంచి భద్రాచలం ఇంకో నలభై కిలోమీటర్లు. పాల్వంచ దాటాలి, సారపాక చేరాలి, గోదావరి మీద వంతెన దాటాలి. మామూలు ప్రయాణికుడికి ఇది ఓ గంట బస్సు ప్రయాణం. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు మాత్రం రెండు గండాలు. రైలు దిగడం ఒకటి, బస్సెక్కడం ఇంకొకటి.

చాలా ఎక్స్‌ప్రెస్ రైళ్లలో వికలాంగులకు విడిగా చోటు ఉంటుంది. మామూలుగా బండి చివర, గార్డు పెట్టెతో కలిపి ఉంటుందది. దాని తలుపు వెడల్పుగానే ఉంటుంది. అయితే బండి చివర దిగాం కాబట్టి ప్లాట్‌ఫాం పొడవునా రావాలి. పైగా కుర్చీని, మనిషిని, సామాన్లను దించేదాకా రైలు ఆగుతుందో లేదోనన్న హడావుడి. ఇక బస్సు. ఎత్తైన మెట్లు, ఇరుకు తలుపు. మడిచే కుర్చీ అయితే డిక్కీలో పెట్టొచ్చు. మనిషిని మాత్రం ఎత్తి కూర్చోబెట్టాల్సిందే.

చివరికి కారు మాట్లాడుకోక తప్పదు. హైదరాబాద్ నుంచి మూడొందల కిలోమీటర్ల పైచిలుకు. ఖమ్మం నుంచి అయితే నూట ఇరవై దాకా. మిగతావాళ్లు బస్సు చార్జీతో చేసే యాత్రకు వీళ్లు రానూపోనూ కారు బాడుగ ఇచ్చుకోవాలి. నడవగలిగినవాళ్లకు చవగ్గా దొరికేది నడవలేనివాళ్లకు ఖరీదవుతుంది. ఈ యాత్రలో మొదట ఎదురయ్యే మెట్టు ఇదే. రాతిది కాదు, డబ్బుది.

బండి ఒకటి కాదు

'వికలాంగుల బండి' అని మనం ఒక్క మాటలో అనేస్తాం కానీ, అందులో చాలా రకాలున్నాయి. చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిలు మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. దానికే మోటారు, బ్యాటరీ బిగించిన రకం ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తోంది. కాన్పూర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో తయారుచేసే బ్యాటరీ సైకిళ్లు పంపిణీ శిబిరాల ద్వారా పల్లెలకూ చేరాయి. పక్క చక్రాలు బిగించిన స్కూటీ ఇంకో రకం. ఇక విమానాశ్రయాల్లోనూ విదేశీ సూపర్‌బజార్లలోనూ కనిపించే, ముందు హ్యాండిల్, వెనక సీటు ఉండే చిన్న బ్యాటరీ స్కూటరు మరో రకం.

ఖమ్మంలో మా మావయ్యకున్నది ఈ చివరిదే. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పక్షవాతం వచ్చి కుడికాలు పట్టు తప్పాక అమెరికాలో ఉన్న కొడుకు దీన్ని కొనిచ్చాడు. పాల కేంద్రానికీ, పేపరు చదువుకోవడానికి గ్రంథాలయానికీ దాని మీదే వెళ్తారు. కాలనీలో పిల్లలు దాన్ని 'తాతయ్య విమానం' అంటారు. 'నాకు కాలు పోయింది కానీ బజారు పోలేదు' అని ఆయన నవ్వుతుంటారు.

ఇంట్లోవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే ఒక్కో బండికీ ఒక్కో అవసరం. మామూలు చక్రాల కుర్చీ రెండున్నర అడుగుల సందులో పడుతుంది. మూడు చక్రాల సైకిలు పట్టదు. స్కూటరు సన్నగా ఉన్నా, వెనక్కి తిరగడానికి దానికి ఎక్కువ జాగా కావాలి. క్యూలో ఇనప రెయిలింగుల మధ్య దూరితే వెనక్కి రావడం కష్టం. సాయంత్రానికి చార్జింగూ కావాలి. గదిలో మంచం పక్కన ప్లగ్గు పనిచేస్తుందా అన్నది మనకు సెల్‌ఫోన్ సంగతి. వాళ్లకు రేపటి కాళ్ల సంగతి!

లాడ్జిలో మూడు మెట్లు

'మా దగ్గర అన్ని సౌకర్యాలూ ఉన్నాయండీ' అని ఫోన్లో చెప్పని లాడ్జి ఉండదు. మావయ్యతో కిందటేడు వెళ్లినప్పుడు మేం దిగిన చోట లిఫ్టు ఉంది. లిఫ్టు దగ్గరికి వెళ్లాలంటే మూడు మెట్లెక్కాలి! గది విశాలంగానే ఉంది. బాత్రూం తలుపు రెండడుగులు. లోపల గచ్చు ఓ జానెడు పల్లం. పట్టుకోవడానికి గోడకు కడ్డీ లేదు. పాపం ఆ కుర్రాడు పరుగున వెళ్లి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి బాత్రూంలో వేశాడు. మనసు మంచిదే. కానీ తడి గచ్చు మీద ప్లాస్టిక్ కుర్చీ జారుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు. మూడు మెట్ల పక్కన సిమెంటు చప్టా, మూడడుగుల తలుపు, గోడకు రెండు స్టీలు కడ్డీలు. కొత్తగా కట్టేటప్పుడు అయితే అసలు ఖర్చే కాదు. కట్టాక పగలగొట్టాలంటేనే ఖర్చు. తీర్థక్షేత్రాల్లో లాడ్జీలు కట్టేవాళ్లు నేల అంతస్తులో ఒక్క గది ఇలా కడితే చాలు. ఆ గది ఖాళీగా ఉండదు. మోకాళ్ల నొప్పుల బామ్మలు లేని తెలుగిల్లు ఉందా?

గుట్ట లెక్క

భద్రాద్రి అంటేనే భద్రుడి కొండ. కొండ అన్నారు గానీ చిన్న గుట్టే. రోడ్డు మీంచి తలెత్తితే గోపురం కనిపిస్తుంది. మధ్యలో మెట్లు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కొద్ది నిమిషాల పని.

'మెట్ల పక్కన ఓ వాలు కట్టేస్తే సరి' అని తేలిగ్గా అనేస్తాం. మావయ్య లెక్కల మాస్టారు కదా, కాగితం మీద వేసి చూపించారు. చక్రాల కుర్చీ సొంతంగా ఎక్కాలంటే వాలు పన్నెండుకు ఒకటి ఉండాలి. అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మెట్టు ఆరంగుళాలు అనుకుంటే, ప్రతి మెట్టుకూ ఆరడుగుల వాలు. ఎక్కడైనా యాభై మెట్లున్నాయనుకోండి. ఎత్తు పాతిక అడుగులు, వాలు మూడొందల అడుగులు. మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడానికి సమతలం కూడా కావాలి. ఇంతకన్నా నిటారుగా కడితే అది చూడ్డానికి ర్యాంపే. ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి తిరగబడుతుంది, దిగేటప్పుడు చేతులు నిలవవు.

కాబట్టి నాలుగైదు మెట్లున్న చోట వాలు సరిపోతుంది. గుట్ట ఉన్న చోట బండి వెళ్లే దారో, లిఫ్టో ఉండాలి. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద ఘాట్ రోడ్డు ఉంది, మహామండపంలో లిఫ్టులున్నాయి. అమ్మవారి మహిమ ఏమైనా తగ్గిందా? లేదు కదా!

ఏథెన్స్‌లోని అక్రోపోలిస్ కొండ పేరు వినే ఉంటారు. రెండున్నర వేల ఏళ్లనాటి గుడి ఉన్న రాతి కొండ. అక్కడ 2020 డిసెంబరులో, ప్రపంచ వికలాంగుల దినోత్సవం నాడు కొత్త లిఫ్టు ప్రారంభించారు. పైన నడిచే దారుల్నీ కాంక్రీటుతో చదును చేశారు. పురాతన కట్టడాన్ని పాడుచేస్తున్నారంటూ ఆ కాంక్రీటు మీద పురావస్తు నిపుణుల్లో కొందరు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. ఆ వాదనా కొట్టిపారేసేది కాదు. పాత రాయిని కాపాడాలి, కొత్త మనిషిని రానివ్వాలి. రెండూ కుదిరేలా ఆలోచించడమే ఇంజినీరు పని.

మన దేశంలోనూ ఓ ముచ్చట ఉంది. 2001 జనవరిలో భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చారు. ఆయన చక్రాల కుర్చీ మనిషి. కుతుబ్ మీనార్, జంతర్ మంతర్ లాంటి చోట్ల ఆయన కోసం హడావుడిగా చెక్క ర్యాంపులు వేశారు. వికలాంగుల హక్కుల కోసం పోరాడిన జావేద్ అబిదీ లాంటివాళ్లు గొంతెత్తితేనే అదీ జరిగింది. ప్రపంచ ప్రసిద్ధుడికి రోజుల్లో సాధ్యమైంది మన ఊరి సుబ్బారావుకు ఏళ్లు గడిచినా ఎందుకు కాదు? అసలు ప్రశ్న ఇదీ.

చట్టం ఏమంటోంది?

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో 'ప్రజా భవనం' అన్న మాటకు అర్థం రాశారు. జనం వచ్చిపోయే భవనాల జాబితా అది. బడి, ఆసుపత్రి, దుకాణాలతో పాటు మతపరమైన కార్యకలాపాలు జరిగే భవనాలూ అందులో ఉన్నాయి. అప్పటికే ఉన్న ప్రజా భవనాలను నిబంధనలు వచ్చిన ఐదేళ్లలోగా అందరికీ అందుబాటులోకి తేవాలన్నారు. నిబంధనలు 2017లో వచ్చాయి. ఐదేళ్లు 2022తో అయిపోయాయి.

ఆ తర్వాత 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఇంకో ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. అందుబాటు ప్రమాణాలు 'వీలైతే పాటించండి' అన్న సలహాల్లా ఉండకూడదు, తప్పక పాటించాల్సిన నిబంధనలుగా ఉండాలన్నది దాని సారాంశం. ఈ కేసులో క్షేత్రస్థాయి పరిస్థితి మీద కోర్టుకు నివేదిక ఇచ్చింది ఎవరో తెలుసా? మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రం.

మోయడం వేరు, రావడం వేరు

'మన దగ్గర చట్టాలెందుకండీ, నలుగురు పట్టి ఎత్తుకెళ్లరూ?' అంటారు కొందరు. నిజమే, ఎత్తుకెళ్తారు. మనవాళ్లకు జాలి ఎక్కువ. మరో ఊళ్లో, ఓ కొండ మీది గుడి దగ్గర మావయ్యను అలాగే ముగ్గురు కుర్రాళ్లు కుర్చీతో సహా పైకి తీసుకెళ్లారు. డబ్బులిస్తే తీసుకోలేదు కూడా. దర్శనం అయింది. మావయ్యకు ఇంకాసేపు మండపంలో కూర్చుని స్తంభాల మీది బొమ్మలు చూడాలని ఉంది. కానీ కుర్రాళ్లకు ఆలస్యమవుతోంది. దిగిపోయారు.

ఆ సాయంత్రం ఆయన అన్న మాట ఇది. "మోస్తారమ్మా, మోయరని కాదు. కానీ ఎప్పుడు ఎక్కాలో, ఎప్పుడు దిగాలో మోసేవాళ్లే చెప్తారు. దేవుడి ముందు ఎంతసేపు నిలబడాలో కూడా నా చేతిలో ఉండదు. మొక్కు నాది, టైము వాళ్లది."

"అట్లా అనుకుంటే ఎట్లా మావయ్యా, వాళ్లు సాయం చేశారు కదా" అన్నాను.

"చేశారు. వాళ్లను ఏమీ అనట్లేదు. సాయం అడక్కుండా ఒక్కసారి వచ్చి వెళ్లాలనుంది, అంతే" అన్నారు.

ఇంతకుమించి ఏ చట్టమైనా ఏం చెబుతుంది? ర్యాంపు కట్టేది కుర్చీ ఎక్కడానికి మాత్రమే కాదు, ఆ మనిషి తన ఇష్టానికి తాను వచ్చి వెళ్లడానికి.

చక్రానికి మడి ఉందా?

గుళ్ల దగ్గర ఇంకో ధర్మసందేహం వస్తుంది. చెప్పులు బయట వదిలి వెళ్తాం. మరి రోడ్డంతా తిరిగొచ్చిన చక్రాలు లోపలికి ఎలా? పోలియో వచ్చినవాళ్లు కాలికి వేసుకునే క్యాలిపర్‌కు కింద బూటు ఉంటుంది. అది విప్పితే నిలబడలేరు. చంకకర్ర అడుగున ఉండే రబ్బరు ముక్కదీ ఇదే కథ.

దీనికి దారి లేకపోలేదు. ప్రాంగణం లోపల మాత్రమే తిరిగే కుర్చీలు నాలుగు వేరుగా ఉంచితే చాలు. వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర తమ బండి వదిలి అందులోకి మారతారు. మారలేనివాళ్ల చక్రాలను తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. క్యాలిపర్ చెప్పు కాదు, కాలు. ఈ ఒక్క మాట గుమ్మం దగ్గరి సిబ్బందికి ముందే చెప్పి ఉంచితే, వంద మంది ముందు ఓ మనిషి సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవసరం తప్పుతుంది.

దేవుడే దిగొస్తాడు

అన్నట్టు, భద్రాచలం సంప్రదాయంలోనే ఇందుకో మార్గం ఉంది. శ్రీరామనవమి కల్యాణం గుట్ట మీద జరగదు. గుట్ట దిగువన మిథిలా స్టేడియంలో జరుగుతుంది. ఉత్సవమూర్తులు పల్లకిలో కిందికి వస్తారు. ముక్కోటి ఏకాదశికి ముందు రోజు సాయంత్రం తెప్పోత్సవం. అప్పుడూ స్వామి గుట్ట దిగి గోదావరి దాకా వస్తాడు, హంస వాహనం మీద విహరిస్తాడు. పైకి రాలేని జనం కోసం దేవుడే కిందికి రావడం కొత్త ఆలోచన కాదు. స్థల పురాణమూ అదే చెబుతుంది. గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గిన గోపన్న కోసం రామలక్ష్మణులు స్వయంగా తానీషా దగ్గరికి వెళ్లి బాకీ తీర్చారని కదా కథ!

ఒకప్పుడు ఇంట్లోంచి కదలలేనివాళ్లకు రేడియోనే భద్రాచలం. ఉషశ్రీగారి వ్యాఖ్యానంతో సీతారామ కల్యాణం వినడం రెండు తరాల తెలుగువాళ్లకు జ్ఞాపకం. ఇప్పుడు టీవీలో ప్రత్యక్ష ప్రసారం చూస్తున్నాం. అయినా టీవీలో కనిపించేది కల్యాణమే. పక్కనున్నవాళ్ల భుజం తగలడం, తలంబ్రాల కోసం తోసుకోవడం, గాలిలో తులసి వాసన... ఇవి టీవీలో రావు.

తెప్పోత్సవం సాయంత్రం మావయ్య స్కూటరు మీద గోదావరి కరకట్ట దాకా వెళ్లాం. కరకట్ట చదునుగా ఉంది, బండి హాయిగా సాగింది. చిక్కంతా తర్వాత వచ్చింది. కూర్చున్న మనిషి కళ్లు నాలుగడుగుల ఎత్తులో ఉంటాయి. ముందు వరుసలో జనం నిలబడితే కనిపించేవి నడుములూ వీపులే! బాణసంచా వెలుగు ఆకాశంలో కనిపించింది, హంస కనిపించలేదు. ఓ ఆవిడ గమనించి తన పిల్లల్ని పక్కకు జరిపింది. ఆ సందులోంచి మావయ్య స్వామిని చూశారు. ఉత్సవాల రోజున ముందు వరుసలో తాళ్లు కట్టి పది కుర్చీలకు చోటు వదిలితే ఇంకో పది మందికి ఆ సందు దొరుకుతుంది. పైసా ఖర్చు లేని పని.

వంతెన కూడా ర్యాంపే

'అనాదిగా ఉన్న గుడి, దాన్నెలా మారుస్తారు?' అనేవాళ్లు భద్రాచలం చరిత్ర ఓసారి గుర్తు చేసుకోవాలి. పుట్టలో ఉన్న రాముణ్ని మొదట చూసింది పోకల దమ్మక్క అనే గిరిజన మహిళ అంటారు. ఆమె వేసింది పందిరి, పెట్టింది తాటిపండ్ల నైవేద్యం. పదిహేడో శతాబ్దంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చిన కంచర్ల గోపన్న ఆ పందిరిని గుడి చేశాడు. నగలకు ఎంతెంత ఖర్చయిందో తన కీర్తనలోనే లెక్క చెప్పుకున్న మనిషి ఆయన! ఆ తర్వాతి కాలంలో తూము నరసింహదాసు వచ్చి పూజా కైంకర్యాలను నిలబెట్టాడు. కల్యాణానికి జనం పెరిగితే స్టేడియం వచ్చింది. ఏ తరానికి ఏది అవసరమైతే ఆ తరం అది కట్టింది.

అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ నది మీదే ఉంది. వంతెన లేని రోజుల్లో సారపాక వైపు నుంచి వచ్చినవాళ్లు పడవ ఎక్కాల్సిందే. పడవవాడు రమ్మన్నప్పుడు రావాలి, వరదొస్తే ఒడ్డున ఆగిపోవాలి. అంటే, గోదావరి ముందు కాళ్లున్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ ఒకటే. 1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గోదావరి వంతెనను ప్రారంభించారు. ఇప్పుడు దాని పక్కన రెండోది కూడా ఉంది. ఈ వంతెనను ఎవరైనా దయాధర్మం అన్నారా? 'ఈత రానివాళ్ల కోసం ప్రత్యేక సౌకర్యం' అని బోర్డు పెట్టారా? లేదు. అది అందరి దారి. ఆలోచిస్తే వంతెన అంటే నది మీద వేసిన ర్యాంపే. మెట్ల పక్కన వేసే ర్యాంపూ అలాంటి వంతెనే.

పుష్కరానికోసారి

ఇప్పుడే ఎందుకు చెప్పుకోవాలంటే... 2003, 2015ల తర్వాత గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో. పుష్కరాలంటే ఘాట్లు, రోడ్లు, మరుగుదొడ్లు, కొత్త నిర్మాణాలు. యాత్రికుల సదుపాయాల కోసం కేంద్రం ప్రసాద్ పథకం కింద 41 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో చేపట్టిన పనులకు అప్పటి రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము 2022 డిసెంబరు 28న భద్రాచలంలోనే శంకుస్థాపన చేశారు.

ఘాట్ అంటే మనకు మెట్లే. నీళ్లదాకా మెట్లు, నీళ్లలోనూ మెట్లు. చక్రాల మీద వచ్చినవాళ్లు పైనే ఆగిపోతారు. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి నెత్తిన చల్లుతారు. ఒక్క ఘాట్‌లో ఒక పక్క వాలు కట్టి, రెండు వైపులా కడ్డీలు పెడితే వాళ్లూ నీటి అంచుకు వెళ్తారు. గోదావరితో కాస్త జాగ్రత్తగా ఉండాల్సిన మాట వాస్తవం. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిన నది ఇది. వరద తీశాక ఘాట్ నిండా ఒండ్రు మిగులుతుంది. వాలు మీద ఒండ్రు అంటే జారుడుబండే. కాబట్టి కట్టడంతో పని అయిపోదు, ప్రతి వరద తర్వాతా కడగాలి, గరుకు చేయాలి.

ముఖ్యమైన మాట ఏమిటంటే, ఇవన్నీ నక్షా గీసేటప్పుడే అందులో ఉండాలి. సిమెంటు ఆరాక అడిగితే 'వచ్చే పుష్కరాలకు చూద్దాం' అంటారు. వచ్చే పుష్కరాలంటే 2039. గోపన్న చెరలో గడిపాడంటున్న పన్నెండేళ్లు. డెబ్భై ఏళ్ల మనిషికి పన్నెండేళ్లు ఆగమని చెప్పడం తేలికే, ఆగడమే కష్టం.

అడవి అంచున

భద్రాచలం వెళ్లినవాళ్లు పర్ణశాల చూడకుండా రారు. దుమ్ముగూడెం దారిలో సుమారు 35 కిలోమీటర్లు. గుట్ట ఎక్కే పని లేదు, గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. కారు దగ్గరిదాకా వెళ్తుంది. సీతమ్మవారి వాగు దగ్గర మాత్రం రాళ్లూ ఎగుడుదిగుళ్లూ ఉంటాయి, చక్రాలు అక్కడ ఆగిపోతాయి. ఖమ్మం మీదుగా వచ్చేవాళ్లు దారిలో నేలకొండపల్లి కూడా చూడొచ్చు. అది గోపన్న పుట్టిన ఊరు. గోల్కొండ కోటలో ఆయన్ని బంధించారని చెప్పే గది మెట్ల దారిలో ఉంది కానీ, ఆయన పుట్టిన నేల చదునే.

పర్ణశాల దాటి చర్ల వైపు, అటు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వైపు వెళ్తే ఇంకో లోకం. ఏజెన్సీ గూడేల్లో రోగం వచ్చినవాళ్లను డోలీ కట్టి మోసుకొచ్చే వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. అక్కడ వికలాంగులకు ఇచ్చిన మూడు చక్రాల సైకిలు వానాకాలం బురదలో ఇంటి ముందు నుంచి కదలదు. వాళ్లకు భద్రాచలం తీర్థక్షేత్రం మాత్రమే కాదు. పెద్దాసుపత్రి అక్కడే, ఐటీడీఏ ఆఫీసు అక్కడే, సంత సామాను అక్కడే. యాత్రికుడు ఏడాదికోసారి ఎక్కే మెట్లను వాళ్లు నెలకోసారి ఎక్కాలి. గుడి దారి గురించి మాట్లాడినప్పుడు ఆ ఊరి ఆఫీసుల గుమ్మాలనూ, గూడేల బాటలనూ మర్చిపోతే సగమే మాట్లాడినట్టు.

బయల్దేరే ముందు

చక్రాల కుర్చీ మనిషితో భద్రాచలం వెళ్లాలనుకునే కుటుంబాలకు కొన్ని సూచనలు.

* దేవస్థానానికి ముందే ఫోన్ చేయండి. పైకి వెళ్లడానికి మెట్లు కాక ఏ దారి ఉంది, ఏ వేళల్లో తెరుస్తారు, లోపల కుర్చీ ఇస్తారా అని అడగండి. 'ఏర్పాట్లున్నాయా?' అని అడిగితే 'ఉన్నాయి' అంటారు. 'ఎక్కడ, ఎన్ని గంటలకు?' అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.
* లాడ్జికి ఫోన్ చేస్తే సౌకర్యాలు అడక్కండి, కొలతలు అడగండి. గుమ్మం ముందు మెట్లెన్ని, బాత్రూం తలుపు ఎన్ని అంగుళాలు, కమోడ్ ఉందా? ఫొటో పంపమంటే ఇంకా మేలు.
* నవమి, ముక్కోటి రోజుల్లో జనం లక్షల్లో ఉంటారు. మొదటిసారి వెళ్లేవాళ్లు మామూలు రోజు, పొద్దున్నే వెళ్లడం మంచిది. ఉత్సవమే చూడాలంటే ముందుగా చేరి, ముందు వరుసలో చోటు చూసుకోండి.
* ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండ మామూలుగా ఉండదు. కుర్చీ ఇనప భాగాలు కాలిపోతాయి. పక్షవాతం వచ్చినవాళ్లకు స్పర్శ తెలియక చర్మం కమిలిపోవచ్చు. సీటు మీద తడిగుడ్డ, తలకు తువ్వాలు మర్చిపోవద్దు.
* బ్యాటరీ బండి అయితే చార్జరుతో పాటు పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు, సైకిలు చక్రాలైతే పంపు, పంక్చరు సామాను వెంట ఉంచుకోండి.
* వికలాంగ ధ్రువపత్రం, కొత్తగా ఇచ్చే యూడీఐడీ కార్డు ఫొటో కాపీలు రెండు పెట్టుకోండి. రైలు, బస్సు రాయితీలకు పనికొస్తాయి.
* చివరిది, ముఖ్యమైనది. 'అమ్మకు ఏం కావాలి?' అని వెనక కుర్చీ తోసేవాళ్లను అడగొద్దు. కుర్చీలో ఉన్న అమ్మనే అడగండి.

ఇంటికి తిరిగొచ్చాక ఇంకో పని మిగిలి ఉంటుంది. ఎక్కడ బండి సాగింది, ఎక్కడ ఆగింది అన్నది ఓ కాగితం మీద రాసి దేవస్థానానికో, పంచాయతీ ఆఫీసుకో, కలెక్టరుగారికో ఓ ఉత్తరం పంపండి. కోపంగా రాయనక్కర్లేదు. 'ఫలానా చోట నాలుగు మెట్లున్నాయి, పక్కన ఇరవై నాలుగడుగుల వాలు కావాలి' అని కొలతతో రాస్తే చాలు. ఫిర్యాదును పక్కన పెట్టొచ్చు, కొలతను పక్కన పెట్టడం కష్టం. మావయ్య ఇప్పటికే రెండు ఉత్తరాలు రాశారు, బొమ్మలు గీసి మరీ. 2027 పుష్కరాలకు ఆయన డైరీలో ఓ పేజీ ఖాళీగా ఉంచుకున్నారు.